నంద్యాల సీమలో యురేనియము: ఒక వివాదముపై విమర్శ

2019వ సంవత్సరమున ఆళ్లగడ్డ మండలములోని యాదవాడ పరిసరములకు యురేనియము అన్వేషణకై బోరు యంత్రములు వచ్చినప్పుడు ఆ ప్రాంతమున పెద్ద అలజడి చెలరేగినది. రైతులు అడ్డుపడిరి, రాజకీయ పక్షములు వచ్చి చేరినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో నల్లమల అడవులలో యురేనియము తవ్వకములు వలదని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగా తీర్మానించినది. 2024 చివర కర్నూలు జిల్లా దేవనకొండ మండలమునందలి కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లు వేయు ప్రతిపాదన బయటపడగా అక్కడి గ్రామములును లేచినవి. రాష్ట్ర ప్రభుత్వము పనిని నిలిపివేయించినది. యంత్రము వచ్చినప్పుడు వాదము వచ్చుచున్నది; యంత్రము పోగానే వాదమును పోవుచున్నది; వాదించిన విషయము మాత్రము తేలకయే మిగులుచున్నది.

ఈ వివాదములో వినవచ్చు మాటలను రెండు పక్షములుగా విభజింపవచ్చును. ఇది అన్వేషణయే గాని గని కాదు, భూమిలోనుండి చిన్న రాతి నమూనా తీసి పరీక్షించుట తప్ప మరేమియు లేదు, కాబట్టి ఎవరికిని హాని లేదు అనునది అధికారుల మాటల సారము. యురేనియము భూగర్భమున కదలక యున్నంతవరకే క్షేమము, దానిని కదిపిన నాటినుండి గాలి, నీరు, పంట, పాలు సమస్తము విషమగును, పిమ్మట అణు విద్యుత్కేంద్రము వచ్చును, చెర్నోబిల్ గతి పట్టును అనునది వ్యతిరేకుల మాటల సారము. రెండింటిలోను కొంత సత్యము కలదు. అయితే బోరు, గని, మిల్లు, మడ్డి చెరువు, రియాక్టరు అను ఐదును వేర్వేరు వస్తువులు. ఒక్కొక్కదాని ప్రమాదము ఒక్కొక్క రీతిది. మొదటి పక్షమువారు మొదటి వస్తువును గూర్చి మాత్రమే మాటలాడి, మిగిలిన నాలుగింటి ప్రశ్న రాగానే అది తరువాతి విషయమనుచున్నారు. రెండవ పక్షమువారు ఐదింటిని ఒకే మూటగా కట్టి చివరిదాని భయమును మొదటిదానిపై మోపుచున్నారు. ఇందువలన నంద్యాల రైతు నిజముగా అడుగవలసిన ప్రశ్న ఎవరి నోటను రాకుండ పోవుచున్నది.

యురేనియము అను పేరు వినగానే కలుగు భయమును ముందు పరిశీలింపవలెను. 1789లో క్లాప్రోత్ అను జర్మను రసాయనవేత్త కనుగొన్న ఈ మూలకము అరుదైనది కాదు. భూమి పైపొరలో టన్నుకు సగటున 2, 3 గ్రాముల చొప్పున అన్నిచోట్లను ఉన్నది. ఒక ఎకరము పొలములో మీటరు లోతువరకు గల మన్నును తూచినచో సుమారు 6 వేల టన్నులుండును. అందు 12 నుండి 18 కిలోల యురేనియము ఎవరికిని తెలియకుండ పడియున్నది. తరతరములుగా ఆ మన్నుపైననే జొన్నయు వరియు పండుచున్నవి. కాబట్టి యురేనియము ఉన్నదా లేదా అనునది ప్రశ్నయే కాదు. ఎంత ఉన్నది, ఏ రూపమున ఉన్నది, నీటిలో కరగునా, కరగి ఎక్కడికి పోవును అనునవే ప్రశ్నలు.

యురేనియము 238 యొక్క అర్ధాయువు సుమారు 450 కోట్ల సంవత్సరములు. అంత మెల్లగా విఘటనము చెందు పదార్థము వెలువరించు కిరణములు బలహీనమైనవి. శరీరములోనికి నీటితోపాటు చేరినప్పుడు అది మొదట దెబ్బతీయునది మూత్రపిండములను. అదియు కిరణముల వలన కాక, సీసము, పాదరసము వంటి భారలోహములు చేయు రసాయనిక హాని వంటిదే. దాని సంతతియగు రేడియము, రేడాను వాయువు, థోరియము 230 మాత్రము ధార్మికతలో తీవ్రమైనవి. ఐరోపాలోని ష్నీబెర్గ్ గని పనివారికి వచ్చు వింత ఊపిరితిత్తుల వ్యాధి 16వ శతాబ్దము నుండియే తెలిసియున్నది. అది క్యాన్సరని 1879లో వైద్యులు గుర్తించిరి. ఆ గనులలోని రేడాను దానికి కారణమని ఆ తరువాత ఎంతో కాలమునకు గాని తేలలేదు. గనిలో గాలి ఆడించు యంత్రములు సరిగా పనిచేసినచో ఈ ప్రమాదము ఎంతో తగ్గును. గని వెలుపల, ఆరుబయట, రేడాను గాలిలో కలిసి పలుచబడిపోవును.

ఇక బోరు మాట. అన్వేషణకు వేయు బోరు కొద్ది అంగుళముల వ్యాసము గలది. వజ్రపు తునకలు పొదిగిన గొట్టపు మొన తిరుగుచు రాతిని కడ్డీ ఆకారమున కోసి పైకి తెచ్చును. పిమ్మట రంధ్రములోనికి ఒక గ్రాహకమును దింపి ఏ లోతున ఎంత గామా కిరణమున్నదో వ్రాసికొందురు. దీనివలన ఊరివారికి రేడియోధార్మికత సోకునన్న మాట నిలువదు. అధికారులు ఈ మేరకు చెప్పునది సరియే. కాని బోరు వలన ఏ హానియు లేదనుట కూడ సరి కాదు. పైపొరలోని నీటిని, లోపొరలోని నీటిని వేరుచేయు బిగువైన రాతిపొరలను ఆ రంధ్రము తూట్లు పొడుచును. పని ముగిసిన పిమ్మట దానిని సిమెంటుతో అడుగునుండి పైవరకు పూడ్చకున్నచో, రెండు నీళ్లును కలిసిపోవుటకు అది శాశ్వతమైన దారి యగును. రాయలసీమ రైతునకు ఈ సంగతి ఒకరు బోధింపనక్కరలేదు. పక్క పొలమున బోరు పడినచో తన బోరు ఎండుట అతడు కన్నులార చూచినవాడే. పూడ్చినారా, దేనితో పూడ్చినారు, ఆ లెక్క ఎక్కడ ఉన్నది అని అతడు అడిగినచో ఉత్తరమియ్యవలసిన బాధ్యత అన్వేషకులది.

ఈ సీమ రాళ్ల చరిత్ర ఇక్కడ కొంత తెలియవలెను. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి ప్రచురించిన వర్ణన నేటికిని ఆధారగ్రంథమే. కర్నూలు శ్రేణిలోని పొరలకు బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యము, కోవెలకుంట్ల, నంద్యాల అని ఈ ఊళ్ల పేర్లే స్థిరపడినవి. ఇందు నంద్యాల పొర పలకరాయి. కోవెలకుంట్ల, నార్జి పొరలు సున్నపురాయి. సున్నపురాయి నీటికి కరగును. కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలు అట్లు నీరు కరగించి తొలిచినవే. కొలిచినంత మేరకు వాటి పొడవు 3,229 మీటర్లు. అట్టి సొరంగములు చిన్నవియు పెద్దవియు ఎన్ని భూమిలో మరుగుపడి యున్నవో ఎవరు చెప్పగలరు? ఇసుకలోను మట్టిలోను నీరు వడగట్టబడుచు మెల్లగా నడచును. సున్నపురాతి పగుళ్లలో అట్లు కాదు. ఒకచోట ఇంకిన నీరు కొన్నాళ్లకే దూరపు బావిలో తేలవచ్చును. కుందు లోయ క్రిందనున్న రాతి స్వభావము ఇది.

యురేనియమునకును సున్నపురాతి నీటికిని గల సంబంధము మరి ముఖ్యమైనది. వేంపల్లె పొరయను డోలమైటు రాతిలో తుమ్మలపల్లె ముడిఖనిజము ఉన్నది. కడప జిల్లా వేముల మండలములోని ఈ గనియు మిల్లును యురేనియం కార్పొరేషన్ వారివి. 2012లో ఉత్పత్తి ప్రారంభమైనది. సాధారణముగా యురేనియమును రాతిలోనుండి గంధకామ్లముతో కరగింతురు. డోలమైటు తానే ఆమ్లమును త్రాగివేయును గనుక అక్కడ ఆ పద్ధతి పనికిరాదు. కాబట్టి బట్టల సోడా, వంట సోడా కలిపిన నీటిలో పొడిచేసిన రాతిని వేసి, ఒత్తిడిలో ఆక్సిజను పంపి, వేడిచేసి కరగింతురు. యురేనియము కార్బొనేటుతో జతగూడి నీటిలోనికి దిగును. ఆమ్లము వాడుట లేదు గనుక ఈ మిల్లు నిరపాయమైనదని కొందరు అనుచుందురు. ఇది సగము సత్యము. రేడియము, ఇనుము మొదలగునవి సోడాలో అంతగా కరగవు, అది మేలే. కాని కార్బొనేటుతో కూడిన యురేనియము ఋణావేశము గల అయాను. మట్టి కణములును ఋణావేశము గలవే. కాబట్టి మట్టి దానిని పట్టి ఉంచలేదు. నీటితోపాటు అదియు సాగిపోవును. సున్నపురాతి నీటిలో కార్బొనేటు స్వభావసిద్ధముగానే ఉన్నది. గాలి తగిలిన నీటిలో ఆక్సిజనును ఉన్నది. మిల్లులో కొన్ని గంటలలో జరుగు క్రియయే ఈ సీమ భూగర్భమున వత్సరములతరబడి మెల్లగా జరుగగలదు. గని తవ్వుట, రాతిని పొడిచేయుట అనగా ఆ క్రియకు గాలిని, కొత్త తలములను అందించుటయే.

తుమ్మలపల్లె మిల్లు సామర్థ్యము దినమునకు 3 వేల టన్నుల రాయి. ఖనిజములో యురేనియము ఆక్సైడు నూటికి సుమారు 0.04 పాళ్లు, అనగా టన్ను రాతిలో 400 గ్రాములు. తక్కిన రాయి అంతయు, వాడిన సోడా ఉప్పులతో, నీటితో కలిసి బురదయై మిగులును. దీనిని నిలువచేయు కట్ట వేసిన గుంటను స్థానికులు టెయిల్ పాండ్ అనియే పిలుతురు. ఏడాదికి 300 దినములు మిల్లు పూర్తిగా ఆడినచో 9 లక్షల టన్నుల మడ్డి అందు చేరును. యురేనియమును తీసివేసినను దాని సంతతి అక్కడనే ఉండును. ముడిఖనిజములోని ధార్మికతలో నూటికి సుమారు 85 పాళ్లు మడ్డిలోనే మిగులునని శాస్త్రజ్ఞుల లెక్క. థోరియము 230 అర్ధాయువు సుమారు 75 వేల సంవత్సరములు. అంతవరకు అది రేడియమును, రేడాను వాయువును పుట్టించుచునే ఉండును. గని 30 ఏండ్లకు మూతపడవచ్చును. చెరువునకు అట్టి ముగింపు లేదు.

అయితే రైతు పొలమున మొదట కనబడునది ధార్మికత కాదు. అది సోడియము. నంద్యాల నల్లరేగడిలో బంకమన్ను హెచ్చు. ఆ బంకమన్ను కణములకు కాల్షియము అంటియున్నంతవరకు నేల గుల్లగా నుండి నీటిని పీల్చును. నీటిలో సోడియము హెచ్చి కాల్షియమును తొలగించినచో కణములు విడివడి నేల అంటుకట్టును. తడిసినప్పుడు జిగురు, ఎండినప్పుడు రాయి. సోడా కారణముగా ఇట్లు చెడిన నేలనే తెలుగు రైతు కారుచౌడు అనుచున్నాడు. జిప్సము వేసి కొంతవరకు బాగుచేయవచ్చును. నీరే సోడియమును తెచ్చుచున్నప్పుడు జిప్సము ఎంత వేసినను చాలదు. వివాదములోని రెండు పక్షములవారును ధార్మికతను కొలుచు గీగర్ కౌంటరునే తలచుచున్నారు. ఒకరు అది పలుకలేదు గనుక హాని లేదందురు; ఒకరు అది పలుకునని భయపెట్టుదురు. ఈ ప్రశ్నకు తగిన పరికరము గీగర్ కౌంటరు కాదు. నీటిలోని లవణములను సూచించు విద్యుద్వాహకత మీటరు కొద్ది వేల రూపాయలకు దొరకును. ఏ కళాశాల విద్యార్థియైనను దానిని వాడగలడు. టెయిల్ పాండ్ నుండి ఊట బయలుదేరినచో యురేనియము కంటెను ముందుగ ఈ లవణములే బావికి చేరి వార్త చెప్పును.

తుమ్మలపల్లె చుట్టుపట్ల జరిగినది ఇందుకు నిదర్శనము. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె వంటి ఊళ్ల రైతులు తమ బోరునీరు చెడినదని, అరటితోటలు ఎండినవని, చర్మరోగములు వచ్చుచున్నవని ఫిర్యాదు చేసిరి. టెయిల్ పాండ్ అడుగున పరచవలసిన పొర విషయమై 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చినది. ఆ ప్రాంతపు రాతిలో యురేనియము స్వభావసిద్ధముగానే ఉన్నది గనుక నీటిలో అది కనబడుట వింత కాదనునది సంస్థ వాదము. ఈ వాదము శాస్త్రవిరుద్ధము కాదు. రైతుల వాదమును శాస్త్రవిరుద్ధము కాదు. ఒకే బావిలో ఒకే అంకె ఇద్దరి కథలకును సరిపోవుచున్నది. తేల్చగలిగినది ఒక్కటే: మిల్లు రాకముందు ఆ బావులలో ఏముండెనో తెలుపు లెక్క. అది ఊరివారి చేతిలో, బావిబావికి, ఋతువు ఋతువునకు ఉండియున్నచో ఇన్నేండ్ల కలహము ఒక దినములో తీరెడిది. నీటిలో యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. మన అణుశక్తి నియంత్రణ మండలి చాలకాలము 60 అని పాటించినది. భారత ప్రమాణమును తరువాత 30కే చేరినది. 45 ఉన్న నీరు ఒక కాగితము ప్రకారము త్రాగదగినది, మరొక కాగితము ప్రకారము త్రాగరానిది. అట్టి నీటిని త్రాగువారు ఏ కాగితము చదువవలెనో ఎవరును చెప్పలేదు.

ప్రపంచమును ఈ విషయమున ఇట్లే పొరబడినది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండు రియాక్టరులో ప్రమాదము జరిగి లోకమంతయు కలవరపడినది. అదే సంవత్సరము జూలై 16న అదే దేశమున న్యూమెక్సికోలోని చర్చ్ రాక్ వద్ద యురేనియము మడ్డి చెరువు కట్ట తెగి, సుమారు 35 కోట్ల లీటర్ల ద్రవమును, వేయి టన్నుల మడ్డియు ప్యూర్కో నదిలో కలిసినవి. నవాహో తెగ పశుపాలకులు ఆ నీటిపై ఆధారపడినవారు. బయటపడిన ధార్మికతను బట్టి చూచినచో రెండవది మొదటిదానికంటె పెద్దది. మొదటిదాని పేరు పాఠ్యపుస్తకములలో కలదు. రెండవదానిని ఎరిగినవారు అరుదు. మన దేశమునను 2006 డిసెంబరులో జాదూగూడలో వ్యర్థమును మోయు గొట్టము పగిలి బురద వాగులో కలిసినది. రియాక్టరు ప్రేలుడు కన్నులకు కనబడును. మడ్డి చెరువు మెల్లగా ఊరును. ఆళ్లగడ్డ సభలలో చెర్నోబిల్ పేరు మారుమ్రోగి, చర్చ్ రాక్ పేరు వినబడకపోవుట విచారకరము. తమకు నిజముగా సంబంధించిన ఉదాహరణమును వదలి, సంబంధము లేనిదానిని పట్టుకొనుటచే వ్యతిరేకులు తమ వాదమును తామే బలహీనపరచుకొనిరి.

ఆళ్లగడ్డలో గని పడినంతమాత్రమున ఆళ్లగడ్డలో రియాక్టరు రాదు. తుమ్మలపల్లెలో తయారగు సోడియం డైయురేనేటు ఇంధనపు కడ్డీలుగా మారుటకు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు పోవలెను; అక్కడినుండి దేశమున ఎక్కడి కేంద్రమునకైనను పోవును. తెలుగునాట ఒక వింత కలదు. ఖనిజాన్వేషణ శాఖ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో, ఇంధన తయారీ హైదరాబాదులో, భారజలము మణుగూరులో, ఖనిజము కడపలో. రియాక్టరు మాత్రము రెండు రాష్ట్రములలో ఎక్కడను లేదు. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో తలపెట్టిన ఆరు అమెరికను రియాక్టర్లు ఒక్కొక్కటి 1,208 మెగావాట్లవి. అవి సంపన్నము చేసిన యురేనియముతో నడచునవి, కడప రాతితో కావు.

రియాక్టరు భద్రతను గూర్చి క్లుప్తముగా చెప్పవలసినది ఒకటే. విచ్ఛిత్తిని ఆపుట సులభము. వేడిని ఆపుట కష్టము. రియాక్టరును నిలిపిన క్షణమున దాని ఉష్ణశక్తిలో నూటికి 6, 7 పాళ్లు ఇంకను పుట్టుచునే ఉండును. ఒక దినము గడచినను అరపాలు మిగులును. 3 వేల మెగావాట్ల ఉష్ణము గల రియాక్టరులో అరపాలనగా 15 మెగావాట్లు. చల్లబరచు నీరు ఆగినచో ఇంధనము కరగును. 2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగినది ఇదియే: భూకంపమునకు రియాక్టర్లు ఆగినవి గాని, సునామీకి డీజిలు యంత్రములు మునిగినవి. లక్షన్నరకు పైగా జనులు ఇండ్లు విడిచిరి. 1993 మార్చి 31న మన నరోరా కేంద్రములో మంటలు చెలరేగి విద్యుత్తు మొత్తము పోయినప్పుడు, నిప్పునార్పు పంపుల నీటితోనే అక్కడివారు గండము గట్టెక్కిరి. కొవ్వాడకు చెప్పు రియాక్టరులో పైనున్న తొట్టి నీరు పంపులు లేకయే మూడు దినములు దిగునట్లు ఏర్పాటున్నది. ఇది మంచి మెరుగు. దాని ఖరీదు వేరు కథ; అమెరికాలోని వోగ్టిల్‌లో అట్టివి రెండు 2023, 2024 సంవత్సరములలో పూర్తియగునప్పటికి వ్యయము మొదటి అంచనాకు రెట్టింపు దాటినది.

దేశ భవిష్యత్తునకు ఈ ఖనిజము తప్పనిసరి యను వాదమును అంకెలతో పరిశీలింపవలెను. మన భారజల రియాక్టరులో ఒక టన్ను సహజ యురేనియము సుమారు 5 కోట్ల యూనిట్ల విద్యుత్తునిచ్చును. అంత విద్యుత్తునకు బొగ్గు 35 వేల టన్నులు కావలెను. అందు మిగులు బూడిదయే 12 వేల టన్నులుండును. ఇంతవరకు చెప్పి, చిటికెడు యురేనియము కొండంత బొగ్గునకు సమమని ముగించుట పరిపాటి. ముగింపు అక్కడ కాదు. టన్ను రాతిలో 400 గ్రాముల ఆక్సైడనగా 340 గ్రాముల లోహము. అందు ముప్పాతిక చేతికి వచ్చెననుకొన్నను, ఒక టన్ను యురేనియమునకు సుమారు 4 వేల టన్నుల రాయి తవ్వవలెను. బొగ్గుకంటె తక్కువే, కాని చిటికెడు కాదు. కెనడాలోని సిగార్ లేక్ గనిలో ఖనిజము నూటికి పది పాళ్లకు మించి ఉన్నది. అక్కడ చిటికెడన్న మాట చెల్లును, ఇక్కడ చెల్లదు.

2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు సాధింపవలెనని 2025 బడ్జెటులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. 700 మెగావాట్ల రియాక్టరునకు ఏడాదికి సుమారు 100 టన్నుల యురేనియము, అనగా ఇట్టి రాయి 4 లక్షల టన్నులు కావలెను. తుమ్మలపల్లె వంటి మిల్లు పూర్తిగా ఆడినను అట్టి రియాక్టర్లు రెండింటికి చాలును. లక్ష మెగావాట్లను ఈ రాతితోనే నడపవలెనన్నచో అట్టి మిల్లులు 65 కావలెను. అది జరుగదు, 2008 తరువాత దేశము కజకిస్తాను, కెనడా మొదలగు దేశములనుండి ఇంధనము కొనుచునే ఉన్నది. కాబట్టి నంద్యాల క్రింది యురేనియము లేకున్న దేశము చీకటిలో మునుగునన్నది అతిశయోక్తి. విదేశములు సరఫరా ఆపినచో చేతిలో కొంత ఉండవలెనన్నది, అంతర్జాతీయ తనిఖీలకు లోబడని ఇంధనము కావలెనన్నది నిజమైన కారణములు. అవి చెప్పరాని కారణములు కావు. చెప్పకుండుటచేతనే అనుమానము పెరుగుచున్నది.

ఇదే నంద్యాల సీమలో విద్యుత్తునకు వేరు దారులును కలవు. శ్రీశైలము కుడిగట్టు జలవిద్యుత్కేంద్రము 770 మెగావాట్లది. గని, శకునాల గ్రామముల వద్ద 2017లో వెలసిన సౌరవిద్యుత్క్షేత్రము వేయి మెగావాట్లది. (ఆ గ్రామము పేరే గని, అక్కడ త్రవ్వుచున్నది ఎండను.) దాదాపు 6 వేల ఎకరములలో పరచిన ఆ పలకలు ఏడాదికి సుమారు 210 కోట్ల యూనిట్లు ఇయ్యగలవు, 700 మెగావాట్ల రియాక్టరు 520 కోట్లకు మించి ఇచ్చును, రాత్రియు పగలును. రాత్రి కొరతను తీర్చుటకు పిన్నాపురమున 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకము చేపట్టబడినది. సౌరశక్తి ఉన్నది గనుక అణుశక్తి అక్కరలేదనుట తొందరపాటు. కాని రెండింటి ఖర్చులను పక్కపక్కన పెట్టి చూచు హక్కు ఈ జిల్లా ప్రజలకు పూర్తిగా కలదు.

నమ్మకము సంగతి చివరకు రాక తప్పదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడినది. అయితే అది తాను నియంత్రింపవలసిన శాఖకు చెందిన అణుశక్తి సంఘమునకే జవాబుదారీగా నుండెను. ఈ లోపమును 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక ఎత్తిచూపినది. స్వతంత్ర సంస్థకై 2011లో ప్రవేశపెట్టిన బిల్లు మురిగిపోయినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టము మండలికి చట్టబద్ధమైన ప్రతిపత్తిని కల్పించినది. ప్రైవేటు సంస్థలకు విద్యుత్కేంద్రముల తలుపు తెరచినది. ప్రతిపత్తి కాగితముమీద వచ్చుట ఒకటి. మడ్డి చెరువు ప్రక్కనున్న బావినీటి అంకెను మండలి తానుగా, తెలుగులో, గ్రామపంచాయతీ గోడమీద అంటించుట మరొకటి. రెండవది జరుగువరకు రైతు మొదటిదానిని నమ్మడు. నమ్మనందుకు అతనిని అజ్ఞాని యనుట అన్యాయము.

యాదవాడలో ఇంకను మిల్లు లేదు, మడ్డి లేదు. తుమ్మలపల్లెకు దొరకని అవకాశము ఆళ్లగడ్డకు దీనివలన దొరకుచున్నది. ఆళ్లగడ్డ, అహోబిలము, రుద్రవరము, చాగలమర్రి ప్రాంతములలో లోతులు వేర్వేరుగా నున్న బావులను, బోర్లను కొన్నింటిని ఎన్నుకొని, కె.సి. కాలువ నీటిని, కుందు నీటిని చేర్చి, వాటిలో యురేనియము, సోడియము, కార్బొనేటు, సల్ఫేటు, ఫ్లోరైడు, మొత్తము లవణములు ఎంతెంత ఉన్నవో వ్రాసిపెట్టవలెను. నమూనాను రెండు సీసాలలో తీయవలెను: ఒకటి అన్వేషకులు పంపు ప్రయోగశాలకు, ఒకటి వారికి సంబంధము లేని విశ్వవిద్యాలయమునకు. నేలలోని సోడియమును చూచుటకు నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన కేంద్రమే చాలును. మిరపకు చివరి తడి కట్టు ఎండాకాలమున ఒకసారి, కాలువ నిండిన వానాకాలమున ఒకసారి తీసినచో మొదటి పట్టిక తయారగును. ఆ పట్టిక ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి పాఠశాలలో ఉండవలెను. ఆ పని ముగియువరకు యంత్రము ఆగవలెను.